బస్టాండు మనిషి

నేపాల్ కొండల్లో కిరాయి మోటార్‌సైకిల్ మీద నేను చేసిన ప్రయాణం గురించి ఎవరు అడిగినా చెబుతాను. అడగకపోయినా చెబుతాను. మా ఇంట్లో వాళ్లకు అదంతా కంఠతా వచ్చేసింది. నేను మలుపు దగ్గరికి రాకముందే వాళ్లు మలుపు తిప్పేస్తారు. కానీ ఆ ప్రయాణానికి ఐదు నెలల ముందు, ఒక బస్సు పక్కన నిలబడి నేను చెప్పిన నాలుగు మాటల గురించి మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఆ నాలుగు మాటల బరువు ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం చేస్తున్నాను. ఒక్కటి ముందే చెప్పాలి: నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా గొప్పతోనే మొదలుపెట్టాను, చూశారుగా. కాస్త ఓర్చుకోండి. ఇందులో గర్వపడాల్సింది నిజంగానే ఉంది. తప్పు కూడా దాన్ని ఆనుకునే ఉంది. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు.

మాది మేడిపల్లి. నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నా దోస్తు సత్తయ్యది తంగళ్ళపల్లి, నేత ఇల్లు. ఇద్దరం కోరుట్ల హాస్టల్‌లో ఒకే ట్రంకుపెట్టెలో పుస్తకాలు పెట్టుకుని చదివాం. ఆదివారాలు వార్డెన్ గారి పాత మోటార్‌సైకిల్ కడిగిపెడితే, ఆయన మైదానం చుట్టూ రెండు చుట్లు తిప్పుకోనిచ్చేవాడు. పిచ్చి అక్కడే అంటుకుంది. తర్వాత నాకు జగిత్యాలలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటివాణ్ని నేనే. సత్తయ్య సిరిసిల్లలో చీర అంచులకు బొమ్మలు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోతాడు. నింపిన గడి దగ్గర పోగు లేస్తుంది, వదిలిన గడి దగ్గర లేవదు. సత్తయ్య గీసిన అంచు అంటే మగ్గాల ఆసామి మారుమాట లేకుండా ఎక్కించేవాడు.

అంత పిచ్చి ఉంటే ఇక్కడే బండి కొనుక్కోవచ్చు గదా అంటారేమో. అది అన్నల కాలం. నక్సలైట్లను మా వైపు అన్నలనే అనేవాళ్లు. బండి ఉన్నవాడి ఇంటికి ఒకరోజు అన్నలు వచ్చి తాళం అడిగేవాళ్లు. మర్నాడు పోలీసులు వచ్చి బండి ఎవరికిచ్చావని అడిగేవాళ్లు. ఇస్తే ఒక తంటా, ఇవ్వకపోతే ఇంకో తంటా. పొద్దు వాలితే జగిత్యాల నుంచి కోరుట్ల దాకా రోడ్డు మీద మనిషి కనబడేవాడు కాదు. సరదాకి బండి నడపడమనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

“గీడ నడిపేటట్టు లేదు. గా నేపాల్ల కిరాయికి తీసుకొని నడుపుదాం,” అన్నది సత్తయ్యే. విని పగలబడి నవ్వాను. వారం తిరిగేసరికి నాకూ అదే ధ్యాస.

సిరిసిల్లలో మగ్గాల షెడ్లకు కాపలా ఉండే నేపాలీ ఒకతను ఉండేవాడు. అందరూ బహదూర్ అని పిలిచేవాళ్లు. సత్తయ్య రెండేళ్ల పాటు ఆదివారాలన్నీ అతని పక్కన కూర్చుని ఆ దేశపు దారులన్నీ అడిగి తెలుసుకున్నాడు. గోరఖ్‌పూర్ దాకా రైలు, సరిహద్దు దాటి పోఖరా దాకా బస్సు. పోఖరాలో బండ్లు కిరాయికి ఇస్తారు. అక్కడి నుంచి ముగ్లింగ్, ఖాట్మండు, దామన్ కనుమ, హెటౌడా, బుట్వల్, తాన్‌సేన్, మళ్లీ పోఖరా. చుట్టు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు. దసరా దాటాకే వెళ్లాలి. అప్పటికి వానలకు విరిగిపడ్డ కొండచరియలు తీసేసి ఉంటారు, ఆకాశం తేటపడుతుంది. మంచుకొండల్ని తెల్లవారగానే చూసెయ్యాలి, మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. బండి తీసుకునే ముందు దాని మీదున్న గీతలూ సొట్టలూ యజమాని ఎదుటే కాగితం మీద రాయించుకోవాలి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు పేచీ. ఇన్ని తెలిసిన మనిషి కరీంనగర్ దాటి ఎరగడు! ఇప్పటికీ అది తలచుకుంటే నా ఛాతీ ఉబ్బుతుంది. ఒక గౌడు పిల్లగాడు, ఒక సాలె పిల్లగాడు, మంది బయటికి రావడానికే భయపడే రోజుల్లో హిమాలయాల్లో ఏ పూట ఎక్కడ టీ తాగాలో రాసిపెట్టుకున్నాం.

ఆ దారినంతా సత్తయ్య గళ్ల కాగితం మీదికి ఎక్కించాడు. నింపిన గడి ఎత్తు ఎక్కే చోటు. ఖాళీ గడి సాపు రోడ్డు. అడ్డగీత వంతెన. చుక్క పెట్రోలు. పక్కన రోజుల అంకెలు. ఊళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ లేవు. అది వాళ్ల పనిలో పద్ధతి. అంచు బొమ్మ గీసేవాడు కాగితం మీద వివరం రాయడు. రాస్తే పక్క షెడ్డువాడు ఎత్తుకుపోతాడు. వివరమంతా వేరే చీటీలో రాసి ఇంట్లో దాచుకుంటాడు. చేతి అలవాటు కొద్దీ మా దారిని కూడా అలాగే గీశాడు. నేపాల్‌ను సిరిసిల్లలో ఎవడు కాపీ కొడతాడురా అని నేను ఎగతాళి చేశాను కూడా.

ఎండాకాలం, ఒక ఆదివారం. ఆ కాగితం సంచిలో పెట్టుకుని సిరిసిల్ల నుంచి జగిత్యాల బస్సెక్కాను. దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఆ వారమే ఎక్కడో అన్నలు కల్వర్టు పేల్చారని తనిఖీలు గట్టిగా ఉన్నాయి. మగవాళ్లందరినీ దించారు. ఒక ఎస్సై నా సంచిలోంచి కాగితం తీసి, విప్పి, నన్ను బస్సు వెనక్కి పిలిచాడు. కాగితం మీద అడ్డగీతలున్నాయి. అంకెలున్నాయి. పేరన్నది లేదు.

“ఏందిది?”

జవాబు నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? భయమా? భయమే. ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది, పై దేశం పోతున్నట్టు ఆఫీసులో నేను చెప్పలేదు. కానీ ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూ వస్తే తేలింది వేరే. నవ్వుతారని ఆగింది. కల్లు గీసేవాడి కొడుకు నేపాల్‌లో మోటార్‌సైకిల్ షికారుకు పోతాడట అని ఆ ఎస్సై, ఆ కానిస్టేబుళ్లు పడీ పడీ నవ్వుతారని. దెబ్బలకన్నా ఆ నవ్వుకే ఎక్కువ జంకాను. అంత పొగరు నాది.

“ఎవలిచ్చిండ్రు?”

“తంగళ్ళపల్లి సత్తయ్య, సార్. గదేందో నాకెర్క లేదు.”

“మరి నీ సంచిల ఎందుకున్నది?”

“జగిత్యాల బస్టాండుల ఒక మనిషి అస్తడు, ఆయనకియ్యుమన్నడు సార్.”

“ఎవడా మనిషి?”

“పేరు చెప్పలే సార్.”

అంతే. ఆ మనిషిని అప్పటికప్పుడు ఎలా పుట్టించానో నాకే తెలియదు. ఆ సాయంత్రం నన్ను జగిత్యాల బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టారు. అటూ ఇటూ మఫ్టీలో ఇద్దరు. సంచి పట్టుకుని ఎవరొచ్చినా ‘ఇతనేనా’ అన్నట్టు చూసేవాళ్లు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. కనీసం ఎవరినీ చూపించలేదు కదా అని ఆ తర్వాత కొన్నేళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను. చూడండి, అందులో కూడా ఒక గొప్ప వెతుక్కున్నాను. ఆఖరికి నా సర్కారు కార్డు చూసి, పేరు రాసుకుని పంపేశారు.

మర్నాడు పొద్దున సత్తయ్యను షెడ్డులోంచి తీసుకుపోయారు. ఆరు రోజులు. అతను మొదటి రోజే నేపాల్ అని చెప్పాడు. ఆరో రోజు నమ్మారు. బహదూర్‌ను పిలిపించి అడిగి, ఇంట్లో దాచిన చీటీ తెప్పించి కాగితంతో సరిచూసి నమ్మారు. వదిలేశాక కూడా ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టాలన్నారు, ఊరు దాటొద్దన్నారు. అతని కుడిచేతి రెండు వేళ్లు ఆ తర్వాత సరిగా మడతపడలేదు. లోపల ఏం జరిగిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

వారం తర్వాత ముఖం చెల్లక చెల్లక వెళ్లాను. నన్ను చూడగానే మంచం మీద జరిగి చోటిచ్చాడు.

“నువ్వు నేపాల్ అని చెప్పే ఉంటవ్ గదరా? గాళ్లే నమ్మకపోయిండ్రు.”

నేను అన్నాను: “చెప్పిన.”

“నాకెర్కే. నీకు సర్కారు కార్డున్నది, ఇడిసిండ్రు. నాకేమున్నది? గని గా బస్టాండు మనిషెవడురా? ఆరు దినాలు గదే అడిగిండ్రు. గా ముచ్చట గాళ్లకెట్ల అచ్చింది?”

“నాకేమెర్క,” అన్నాను.

అతను ఇక ఆ మాట వదిలేశాడు. “దసరా అయినంక నువ్వు పో. నాకు సోమవారం సంతకమున్నది. ఇద్దర్ల ఒక్కడన్న సూడాలె,” అన్నాడు. ఆ వంగని వేళ్లతోనే దారంతా మళ్లీ గీసిచ్చాడు. ఈసారి ప్రతి ఊరి పేరూ పెద్ద అక్షరాలతో రాశాడు, ఎవడు చూసినా తెలిసేటట్టు. ఆ అక్షరాలు చూసి నేను తలెత్తలేకపోయాను.

అయినా వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సిందా? ఈసారి సెలవు పెట్టి, ఆఫీసులో నేపాల్ అని చెప్పే వెళ్లాను. ఎవరూ నవ్వలేదు. పోఖరాలో ఎర్ర ట్యాంకు బండి తీసుకుని, గీతలన్నీ రాయించుకుని బయల్దేరాను. ఆ కాగితం ఒక్క మలుపు తప్పలేదు. నింపిన గడి వచ్చిన చోట ఎత్తు వచ్చింది, అడ్డగీత ఉన్న చోట వంతెన వచ్చింది. త్రిశూలి నది పక్కన గంటల తరబడి, నన్ను ఆపి సంచి విప్పమనేవాడు లేకుండా బండి నడిపాను. దామన్ మీద తెల్లవారగానే ఆకాశం అంచంతా మంచుకొండలు వరుసగా నిలబడ్డాయి. పక్కనున్న వాళ్లకు కాగితం చూపించి, మా దోస్తు గీశాడు, ఈ దేశం ఎన్నడూ చూడకుండా గీశాడు అని వచ్చీరాని హిందీలో చెప్పాను. బండి యజమాని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీ దోస్తును ఒకసారి తీసుకురండి అన్నాడు. అక్కడ నిజం చెప్పడం ఎంత తేలిగ్గా ఉండిందో! నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ లేను. ఆ గర్వం దొంగది కాదు. అది మాత్రం నేను ఎవరి ముందైనా అంటాను.

తిరిగొచ్చి సత్తయ్యకు పూట పూటా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఎక్కడైనా నేను దాటేస్తే, నడుమ ఒక వంతెన రావాలె గదరా అని ఆపేవాడు. తర్వాత కోరుట్ల పిల్లలు కొందరు ఆ కాగితం రాసుకుపోయి నేపాల్ తిరిగొచ్చారు. అతనికి మ్యాపు సత్తయ్య అని పేరొచ్చింది. వచ్చినవాళ్లకు ముందు నన్ను చూపించేవాడు. “మా గౌడ్ పోలీసోళ్ల ముందట గుండె మీద చెయ్యేసుకొని నిజం చెప్పిండు,” అనేవాడు. నేను కాదనలేదు. ఎన్నిసార్లు? లెక్కలేదు. మొదట్లో ఒళ్లు ముడుచుకునేది. తర్వాత్తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, వినడానికి బాగానే ఉండేది.

సోమవారం సంతకాలు ఏళ్ల తరబడి సాగాయి. మా దగ్గర గొడవలు తగ్గకముందే నేపాల్‌లో అలాంటివే మొదలయ్యాయి. అవి కూడా సద్దుమణిగేసరికి సత్తయ్యకు మోకాళ్లు పట్టేశాయి. అతను ఆ దేశం చూడలేదు.

పోయిన నెల కళ్లు చూపించుకోవడానికి జగిత్యాల వచ్చాడు. బస్టాండులో అతని బస్సు కోసం కూర్చున్నాం. ఎప్పటిలాగే చుట్టూ చూసి, “గా మనిషి ఇంక రాకపాయెరా,” అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ బస్టాండులో కాలు పెడితే అతనాడే మాట అది. ఎప్పుడూ నేనూ కలిసి నవ్వేవాణ్ని. ఈసారి అతను నవ్వలేదు.

“గాయన్ని తలుసుకుంటే పాపమనిపిస్తదిరా. నేనంటే బతికి బయటవడ్డ. అన్ని దినాలు అడిగిండ్రంటే నిజంగ ఎవడో ఉండే ఉంటడు గద. గాయనను పట్టుకొని ఏం జేసిండ్రో. పెండ్లాం పిల్లలున్నరో ఏమో. దీపం పెట్టినప్పుడల్లా గాయన పేరు మీద గూడ ఒక దండం పెడ్త. పేరెర్క లేదు గద, బస్టాండాయన అనుకుంట.”

నేను టీ తెస్తానని లేచిపోయాను. తెచ్చేసరికి బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

అప్పటి నుంచి ఇది రాయడానికి కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. అతని ముఖం చూసి ఇది చెప్పగలనా? తెలియదు. చెబితే నన్ను క్షమిస్తాడా అన్నది నేను అడగదగ్గ ప్రశ్న కాదు. ఆ దండాలు మాత్రం ఇక ఆపాలి. లేని మనిషి కోసం అతను బాధపడటం నేను చూడలేను. అందుకే ముందు మీకు చెప్పాను. ఇంత రాశాక, చాలా కాలానికి నా ఊపిరి నాకు తేలిగ్గా ఆడుతోంది. ఇంకొక్క మాట మిగిలింది. అది మీకు కాదు.

ఆ బెంచీ దగ్గరికి ఎవరూ రావాల్సింది లేదు సత్తయ్యా. పట్టుబడలేదు, చావలేదు, అసలు పుట్టనే లేదు. నీ కాగితం నాది కాదన్నాను. నేపాల్ అని నేను చెప్పలేదు.