నా బూతులో మా ఆయన

నేను నగరి దగ్గర హైస్కూలు టీచర్ని. మా ఆయన పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో టీచరు. పంచాయతీ ఎన్నికలకు నన్ను ఒక పోలింగ్ బూతుకు పెద్దగా, అంటే ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేసి, ఆయన్ని రిజర్వులో పెట్టారు.

“రిజర్వోళ్లను ఎవురూ పిలవరు. నేను ఇంటికొచ్చి పండుకుంటా, నువ్వు పొయ్యి పెట్టెలు మోసుకో” అని బస్సులో దారి పొడవునా నన్ను ఏడిపించారు.

తీరా సామగ్రి పంచే చోటికి వెళితే, నా బూతుకు వేసిన పోలింగ్ ఆఫీసరు రాలేదు. ఆ స్థానంలోకి మైకులో మా ఆయన పేరు పిలిచారు. ఆయన పరుగున అధికారి దగ్గరకు వెళ్లి, “సార్, ఆమె నా భార్య. ఇంకో బూతుకు మార్చండి సార్” అని బతిమాలారు.

“ఇంట్లో ఎవరి మాట సాగతాది?” అన్నారు అధికారి.

“నా మాటే సార్.”

“అట్లయితే ఒక్కరోజు ఆమె మాట సాగనీప్పా. ఏం కాదులే.”

హాలంతా గొల్లుమంది. నాకు తల ఎత్తలేనంత సిగ్గేసింది. ఆయన మూతి ముడుచుకుని బ్యాలెట్ పెట్టె ఎత్తుకున్నారు.

మర్నాడు పోలింగు మధ్యలో ఒక అభ్యర్థి తరఫు ఏజెంటు అరుస్తూ నా మీదికి వచ్చాడు. మా ఆయన చివాలున లేచి, “ఈడ మేడం చెప్పిందే జరగతాది. కూసో అబ్బా!” అని గద్దించారు. అతను వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక మళ్లీ వినలేదు. ఎన్నికల డ్యూటీ అంటే టీచర్లందరూ హడలిపోతారు గానీ, నేను మాత్రం మళ్లీ ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూస్తున్నాను.