నూట నాలుగు చెంబులు

ఆ రోజుల్లో, కాగితం మీద ఎక్కనిది ఏదీ జరిగినట్టు కాదని నా నమ్మకం. పదమూడేళ్లకే కోడిగుడ్ల నుంచి నాయనమ్మ తుమ్ముల దాకా తేదీ వేసి నోటుబుక్కులో రాసేదాన్ని (తుమ్ముల సంగతి ఆవిడకు తెలియదు). ఆ ఏడాది చైత్రంలో అక్క సీమంతం ముసునూరులో మా ఇంట్లోనే. పెళ్లికి ముందు తాను నాటిన మల్లెపొద మొగ్గలతోనే పూలజడ వేయించుకోవాలని దాని కోరిక. అమ్మేమో పుష్యంలో పొద ఆకంతా దూసి, కొమ్మలు కట్టేసి, నీళ్లు మానేసింది. ఆ ఎండుపుల్లలు చూసి అక్క జడ పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. (పూతకు ముందు మామిడికి నీళ్లు పెట్టరని తోటలో పుట్టిన నాకు తెలుసు. కానీ మల్లె మామిడి కాదుగా!) ఎవరూ చూడకుండా పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు పోశాను.

పొద తోటకూర మడిలా పచ్చబడింది. "ఒరేయ్, స్నానాలగది తూము కారుతోందిరా," అంది నాయనమ్మ. నాన్న తూము చుట్టూ మోకాలిలోతు తవ్వాడు. పార అందించింది నేనే, ఏమీ ఎరగనట్టు.

సీమంతం నాటికి కోసిన మొగ్గలు ముప్ఫై ఒకటి. జడకు అయిదొందలైనా కావాలి. "పోయినేడు ఎన్ని పూశాయో చెల్లి పుస్తకంలో ఉంటుంది చూడండి," అంటూ అక్కే తెరిచి, పేరంటాళ్ల ముందు పైకి చదివింది: "మల్లెకు రోజుకు నాలుగు చెంబులు, ఇరవై ఆరు రోజులు, మొత్తం నూట నాలుగు."

నాన్న తూము వైపు చూశాడు. నాకు భూమిలోకి దూరాలనిపించింది.

"నీ కోసమేనక్కా. చచ్చిపోతుందనుకున్నా," అన్నాను.

అక్క కళ్లనీళ్లు పెట్టుకుందనుకున్నాను. చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఏడవకే పిచ్చిమొహమా! పదిహేను నీకు, పదిహేను నాకు, మిగిలిన ఒకటీ లోపలున్నవాళ్లకి. లెక్క సరిపోయిందా?" అంది. జడ మాత్రం పక్కింటి కనకాంబరాలతో వేశారు.

ఆ పొద నుంచి కట్టిన అంటు ఇప్పుడు నా పెరట్లో ఉంది. పుష్యం రాగానే ఆకు దూసి, "నీళ్లు బంద్" అని తేదీ వేసి రాస్తాను. అన్నం తిన్నాక చెయ్యి మాత్రం ఆ పొద మొదట్లోనే కడుక్కుంటాను. అదొక్కటి పుస్తకంలో రాయను.