తంపర చేపల పేర్లు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, వేసవి చివర, నరసన్నపేటకు తూర్పున తలపెట్టిన ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పట్లో నేను పర్యావరణ ఇంజనీరును. నన్ను నమోదు అధికారిగా వేశారు. సభకు అధ్యక్షుడు జాయింటు కలెక్టరు. జనం చెప్పింది రాసుకోవడం, చివర సారాంశం అందరికీ చదివి వినిపించి సంతకం చేయడం నా పని. అనుమతి ఇచ్చే నిపుణుల కమిటీ ఢిల్లీలో చూసేది ఆ కాగితాలనే. అందులో లేని మాట ఎవరూ అననట్టే లెక్క.

కేంద్రానికి ఎంచుకున్న చోటు తంపర. వానాకాలమంతా నీరు నిలిచే పల్లపు నేలను మా వైపు అలా అంటారు. కంపెనీ నివేదిక దాన్ని బీడు అంది. సర్వే చేసింది మే నెలలో మరి!

మధ్యాహ్నం నూకమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ మైకు పట్టుకుంది. సముద్రంలోకి వేటకు వెళ్లలేని నెలల్లో వాళ్ల పల్లెను బతికించేది తంపరే. ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో వరసగా చెప్పుకుపోయింది. నేను పెన్ను మూసి మంచినీళ్లు తాగాను. ఇంజనీరునన్న పొగరు అప్పట్లో కాస్త ఎక్కువే లెండి.

సాయంత్రం సారాంశం చదివాను. అందులో ఆవిడ మాటలకు దక్కింది ఒక్క వాక్యం: "మత్స్యకారులు జీవనోపాధి విషయమై అభ్యంతరం తెలిపారు."

నూకమ్మ లేచింది. "నాను సెప్పిన సేపలేవి బావూ?"

సారాంశమంటే అంతేనమ్మా అన్నాను.

"మా రేవులో సేపల తట్ట ఏలం పాటెడితే, మేం సెప్పిన రేటు పాటగాడు మల్లీ పైకి సెప్పాల. సెప్పకపోతే పాట సెల్లదు. నువ్వు సెప్పనేదు."

ఆవిడ వెనక పాతికమంది ఆడవాళ్లు వేదిక ముందు చతికిలబడ్డారు. నినాదం లేదు, తిట్టు లేదు. జాయింటు కలెక్టరు గడియారం చూసుకుని, రాయండి, నేనుంటాను అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. శిక్షణలో అమెరికా ఉద్యమాల గురించి ఒక పాఠం విన్నాను. విషవ్యర్థాలు పూడ్చిన నేల మీద కట్టిన కాలనీలో గృహిణులు ఇంటింటికీ తిరిగి పిల్లల జబ్బులు రాసుకొస్తే, అధికారులు ఆడవాళ్ల కబుర్లని కొట్టిపారేశారట. ఆ అధికారుల తెలివికి క్లాసులో పకపకా నవ్వినవాళ్లలో నేనొకణ్ణి.

కొత్త కాగితం తీశాను. ఆవిడ చెప్పడం, నేను పైకి తిరిగి చెప్పడం, రాయడం. ఆషాఢంలో ఇంగిలాలు, జెల్లలు. కార్తీకంలో కొర్రమీను. మట్టగిడస పేరు దగ్గర ఆగి, తంపరలో నీళ్లు ఇంకిపోయాక అదెక్కడ ఉంటుందని అడిగాను. "బురదలో ఉంతాది. సేత్తో తవ్వాల. తినడం తెలుసు గానీ, ఇది తెల్దేటి బావూ?" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నా ఉద్యోగంలో అంత హాయిగా గడిచిన సాయంత్రాలు ఎక్కువ లేవు.

కమిటీ ఫైలు వెనక్కి పంపింది. నూకమ్మ నెలల జాబితాను ఉటంకిస్తూ, వానాకాలంలో మళ్లీ సర్వే చేయమంది. అది బీడు కాదని తేలింది. కేంద్రం అక్కడికి రాలేదు.

నమోదు అధికారి కుదించి రాయవచ్చు. ఎవరి మాట అనవసరమో తేల్చే అధికారం మాత్రం అతనికి లేదు. నా మొదటి సారాంశమే ఢిల్లీ వెళ్లి ఉంటే ఆ తంపర పోయేది. నిబంధనలన్నీ పాటించి, నా సంతకంతోనే పోయేది.