రెండు షార్పులు, గుప్పెడు ఘాటు

కొత్త కారం డబ్బా మూత తీయగానే తుమ్మొచ్చింది. తుమ్ముతోపాటు మా పల్లె చర్చిలోని తొక్కుడు హార్మోనియం గుర్తొచ్చి, ఇక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

చలి వెనకబట్టే రోజుల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకునేవి, పత్తి బండ్లు దారి పొడుగునా పింజలు రాల్చుకుంటూ పోయేవి, మేం వాటిని ఏరి మీసాలుగా అంటించుకుని తిరిగేవాళ్ళం, మా నాయనమ్మ కోత పండుగకు అరిసెలు వత్తేది. తొలి పంటలో కాస్త చర్చికిచ్చి వేలం వేసే రోజది. పొలంలో చేతులు చాలవని అప్పటికే నన్ను బడి మానిపించారు. పండుగనాడు ఆ హార్మోనియం ముందు కూర్చుంటేనన్నా ఊరు నన్నొక మనిషిగా చూస్తుందని నా ఆశ.

దాన్ని వాయించే దానియేలు మాస్టారు కొత్త పాట కాగితం నా చేతికిచ్చారు. "మెట్టు ముట్టుకోకుండా శ్రుతి చెప్పు. చెబితే సీటు నీదే."

గీతల మొదట్లో కంపకంచెలా రెండు షార్పు గుర్తులు. రెండోది సి మీదుంది. చివరి షార్పుకు పై పక్క మెట్టే శ్రుతి అని మాస్టారు నేర్పిన లెక్క; సి షార్పుకు పై పక్క మెట్టు డి.

"డి అండీ!"

"తొందరెందుకురా? పాట ఎక్కడ ఆగిందో చూశావా?"

చివరి స్వరం బి. డి మేజర్‌కీ, బి మైనర్‌కీ గుర్తులు అవే; ఇల్లేదో పాట ఆగినచోటే తెలుస్తుంది.

"బి మైనరండీ."

"కూర్చో."

పండుగ ముందురోజు ఎవరో మహానుభావుడు వేలానికొచ్చిన మిరప బస్తాలన్నీ తెచ్చి హార్మోనియం చుట్టూ పేర్చాడు. పొద్దున నేను తొక్కగానే తిత్తుల్లో చేరిన ఘాటంతా జనం మీదికి కొట్టింది. ఒకటే తుమ్ములు, దగ్గులు.

"ఒరేయ్, పాట వాయించమంటే పొగబెడతావేందిరా!" అని నాయనమ్మ వెనకనుంచి అరిచింది.

మాస్టారు దగ్గుతూనే, కానివ్వమని నా వైపు చెయ్యి ఊపారు. సాధన చేసీ చేసీ బి నా చెవిలోనే ఉంది. పెట్టె వదిలేసి లేచి నోటితోనే ఎత్తుకున్నాను. నాయనమ్మ అందుకుంది, ఆపైన అందరూ, దగ్గుతూనే. ఆగాల్సిన చోటే ఆగాం.

ఇప్పుడు రెండు వేల సంవత్సరం కూడా దాటిపోయింది. మిరపకాయలు కల్లం నుంచే కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. హార్మోనియం తిత్తులు ఎలుకల పాలయ్యాయి. లోపల మనవడు కీబోర్డు వాయిస్తున్నాడు.

"ఏ శ్రుతిరా అది?"

"ఏదైతే ఏంటి తాతయ్యా, బటన్ నొక్కితే మారిపోద్ది."

ఒళ్ళు మండింది. ఎందుకని అడిగేవాడు లేకపోతే చదువు ఇంత తేలికైపోతుందా? "పాట ఎక్కడ ఆగిందిరా?" అన్నాను, మాస్టారి గొంతుతో.

వాడు విసుగ్గా కాగితం తిప్పి చివరి గీత వెతుకుతున్నాడు. నేనింకా కూర్చోలేదు.