పై ఫ్లాటావిడను చంపిందెవరు?

మొన్న పొద్దున గడ్డం గీసుకుంటూ ఎందుకో తలెత్తి చూశాను. బాత్రూం సీలింగ్ మీద, గీజర్‌కు ఎడమ పక్కన, ఆ మచ్చ మళ్ళీ వచ్చింది. అదే చోటు, అదే లేత పసుపు, అంచుల్లో అదే టీ డికాషన్ రంగు. ఈ వానలకు కొత్తగూడలో సగం అపార్ట్‌మెంట్ల సీలింగులు తడిసే ఉంటాయి, అందులో వింతేమీ లేదు. కానీ నా మచ్చ సంగతి వేరు. అది లేకపోతే నేను నవల రాసేవాణ్ణి కాదు. నవల రాయకపోతే, మనుషులు మన ఎదురుగా నిలబడి ఎంత నిబ్బరంగా అబద్ధం చెప్పగలరో నాకు తెలిసేది కాదు. రేజరు పక్కన పెట్టి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. బయటినుంచి మా ఆవిడ "లోపల నిద్రపోయారా ఏంటి?" అంది. ఆ మాట కూడా గుర్తు పెట్టుకున్నాను.

మాది మూడో అంతస్తు. మా పైన, నాలుగో అంతస్తులో ఒక టీచరుగారు ఉంటారు. ఏలూరు వైపు మనిషి. కొండాపూర్‌లో ఒక స్కూల్లో చాలాకాలం ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఈ ఫ్లాటు కొనుక్కుని ఒక్కరే ఉంటున్నారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళి, వస్తూ వస్తూ కరివేపాకు తెచ్చుకోవడం తప్ప ఆవిడ వల్ల లోకానికి ఏ ఇబ్బందీ లేదు, మా బాత్రూంకు తప్ప. ఆవిడ బాత్రూం నేల కింద ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. దాన్ని పైనుంచే, టైల్సు పగలగొట్టి బాగుచేయాలి. నేను ప్లంబర్ని పంపిస్తాను. ఆవిడ తలుపు తీయరు. తలుపు వెనక గొలుసు చప్పుడవుతుంది, కొద్దిగా సందు తెరుచుకుంటుంది, బయటి గ్రిల్ తాళం మాత్రం కదలదు. "ఇవాళ కుదరదండీ, తర్వాత రమ్మనండి" అని వినిపిస్తుంది. ఇలా రెండు వానాకాలాలు గడిచాయి. మచ్చ ఫోటోలు తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సెక్రటరీగారు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. దానికి తోడు, ప్రతి క్రిస్మస్‌కూ ఆవిడ అన్ని ఫ్లాట్లకూ కేకు పంపేవారు, మాకు తప్ప. మా ఆవిడ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. నేను అలాంటివాణ్ణి కాను.

ఆ రోజుల్లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక కంపెనీలో అడ్మిన్ పని చూసేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు క్యాబ్ ఖాజాగూడ దగ్గరకు వచ్చిందంటే ఇక అక్కడే కాపురం. కుడివైపు పెద్ద పెద్ద రాళ్ళగుట్టలు, ఎడమవైపు హారన్లు, ముందు ఎర్రదీపాల వరస. అంతసేపు కూర్చుని చేసేదేముంది? ఒకరోజు సెక్రటరీగారి దండం బొమ్మ చూసిన కోపంలో ఫోన్‌లో ఒక హత్య రాశాను. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ టీచరు. గుమ్మం ముందు మనీప్లాంటు. పానాల సంచి భుజాన వేసుకుని ప్లంబర్ వేషంలో ఒకడు వచ్చి బెల్లు కొడతాడు. ఆవిడ తలుపు తీస్తారు. అంతే. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందంటే, ఈ పనేదో ముందే చేసి ఉండాల్సింది అనిపించింది. కానీ ఒక్క హత్యతో నవల కాదు కదా. అందుకని కొత్తగూడ నుంచి తెల్లాపూర్ దాకా అపార్ట్‌మెంటుకొకరి చొప్పున చంపుకుంటూ పోయాను. హంతకుడు ఉద్యోగం పోయిన కక్షతో ఉన్న ఒక ఇంజనీరు. ఆ సంగతి ఆఖర్న తప్ప బయటపడదు. పోలీసులకు సాయం చేసేది మాత్రం టీచరుగారి కింది ఫ్లాటులో ఉండే ఒక పెద్దమనిషి. ఓర్పు గలవాడు, ఎవర్నీ ఒక మాట అనడు. ఆ పాత్ర నాకు చాలా సహజంగా వచ్చింది.

పుస్తకం అచ్చయి పెట్టెలు ఇంటికొచ్చాయి. ఒకటి తెరిచి, కొత్త కాగితం వాసన చూసి, మొదటి పేజీలో నా పేరు చూసుకుని మూసేశాను. అచ్చుతప్పు కనిపిస్తుందేమోనని లోపలికి వెళ్ళలేదు. చుట్టాలకు, ఆఫీసులో వాళ్ళకు, అపార్ట్‌మెంటులో వాళ్ళకు సంతకం చేసి మరీ పంచాను. మొదటి నవల, అదీ వరస హత్యల నవల. ఎవరేమంటారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆ ఎదురుచూపు పగవాడికి కూడా వద్దు. మా ఆవిడ అంకితం పేజీ చదివి, "మీ బాబాయికి ఎందుకిచ్చారు?" అని అడిగి, తనకు రక్తం పడదని పక్కన పెట్టేసింది. మా పై అధికారి "అట్ట బాగుంది" అన్నాడు. ఇంటర్నెట్‌లో ఎవరో తెలియని మనిషి "ట్రాఫిక్ ఎక్కువ, హత్యలు తక్కువ" అని రాశాడు. వారం తిరక్కుండా ఇంకొకరు "హత్యలు ఎక్కువ, కథ తక్కువ" అన్నారు. వీళ్ళిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చుకోమనాలని ఎంతగానో అనుకున్నాను. ఆఫీసు క్యాబ్‌లో నా పక్కన కూర్చునే టెస్టింగ్ కుర్రాడు, కరీంనగర్ అబ్బాయి, ఒక్కడే కళ్ళు పెద్దవి చేసి "ఎండింగ్ కిరాక్ ఉంది సార్, అట్ల గాల్ల వదిలేసిన్రు" అన్నాడు. ఖాజాగూడ గుట్టల మీద నేను రాసిన ఆఖరి ఘట్టం గురించి అంటున్నాడనుకుని పొంగిపోయాను.

అన్నిటికంటే మనసులో గుచ్చుకున్నది మా తోడల్లుడి మాట. తెల్లాపూర్‌లో అతనికి విల్లా ఉంది. విల్లా ఉన్నవాళ్ళకు అన్నిటిమీదా అభిప్రాయం ఉంటుంది. వాళ్ళ అమ్మాయి పుట్టినరోజు భోజనాల దగ్గర, బిర్యానీ గరిట చేత్తో పట్టుకుని, నలుగురూ వింటుండగా, "అన్నయ్యా, ఏమనుకోకు. కిల్లర్ ఎవరో నాకు ముప్పయ్యో పేజీలోనే తెలిసిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఇంజనీరు పాత్ర సగం పుస్తకం దాటాక గానీ కథలోకే రాదు, ముప్పయ్యో పేజీలో ఇతనికి ఎలా తెలిసిందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. అతను నాకంటే తెలివైనవాడా, లేక నేనే ఎక్కడైనా దొరికిపోయానా? ఇక రెండో నవల మాట ఎత్తకూడదని ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే టీచరుగారు. చర్చి చీర ఇంకా మార్చుకోలేదు. చేతిలో నా పుస్తకం, బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు చక్కగా ఖాకీ కాగితం అట్ట వేసి ఉంది. నేను ఆవిడకు ఇవ్వనే లేదు. ఎలా ఇస్తాను? "మొదటి అంతస్తువాళ్ళు ఎలాగూ చదవరట, నాకిచ్చారండీ" అన్నారు. మొదటి అంతస్తు వాళ్ళ సంగతి మనసులో ఒక మూలన రాసుకున్నాను. 'ఇప్పుడు తిడుతుంది' అనుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"చివర పేజీలు లేవండీ."

"ఏ పేజీలు?"

"ఇదిగో చూడండి. ఇన్‌స్పెక్టరు 'ఆవిడను చంపింది' అన్నాడు. అట్ట వచ్చేసింది."

చూశాను. నిజమే. వాక్యం సగంలో ఉంది, పుస్తకం అయిపోయింది. లోపలికి పరిగెత్తి పెట్టెలోంచి ఇంకో కాపీ తీశాను, ఇంకొకటి తీశాను. అన్నిటికీ అంతే. బైండింగులో ఆఖరి పదహారు పేజీల ఫారం మొత్తంగా ఎగిరిపోయింది. నేను ఆ పెట్టెల మధ్య అలా కూర్చుండిపోతే, ఆవిడ గుమ్మంలోంచే అన్నారు: "చంపింది నన్నే కదండీ. నన్ను చంపిందెవరో తెలుసుకునే హక్కు నాకు లేదా?"

"అదంతా కల్పనండీ" అన్నాను.

"కల్పనలో కూడా నా మనీప్లాంటేనా?"

కంప్యూటర్లో ఉన్నవి అచ్చుతీసి రేపు ఇస్తానన్నాను. ఆవిడ వెళ్ళాక ప్రెస్సుకు ఫోన్ చేసి అరిచాను. అంతా విని ప్రెస్సు ఓనరు తాపీగా, "తప్పు మాదే సార్, కాదంటలేను. గని పుస్తకం ఇచ్చి రెండు నెలలాయె గద, ఇన్నొద్దులు ఒక్కడు గూడ అడగలేదా?" అన్నాడు. నా పుస్తకం మీద వచ్చిన అభిప్రాయాలన్నిటిలో అంత నిజమైనదీ, అంత క్రూరమైనదీ ఇంకోటి లేదు. ఆ పేజీలు విడిగా అచ్చువేసి కట్ట పంపించాడు. నేను ఎవరికీ పంచలేదు. అడిగినవాళ్ళకే ఇద్దామనుకున్నాను. మొండితనమే అనుకోండి. బదులుగా, పుస్తకం తీసుకున్న ఒక్కొక్కర్నీ పట్టుకుని చివర ఎలా ఉందని అడగడం మొదలుపెట్టాను. బ్రహ్మాండం అన్నారు. ఊహించలేదన్నారు. ఊహించామన్నారు. కళ్ళు చెమ్మగిల్లాయని ఒక చుట్టం చెప్పింది. మా తోడల్లుణ్ణి నేరుగానే అడిగాను, హంతకుడు ఎవరని. "ఎవరేంటన్నయ్యా, ఆ సెక్యూరిటీ వాడేగా. మొదట్నుంచీ వాడి చూపే తేడా" అన్నాడు. నా నవలలో సెక్యూరిటీవాడే లేడు. క్యాబ్‌లో కుర్రాడు మాత్రం, "మాట మధ్యల కట్ చేసిన్రు చూడుండ్రి సార్, చదివెటోడే సోచాయించుకోవాలె అని. రెండ్రోజులు నాకు నిద్ర పట్టలే" అన్నాడు. పాపం, వాడు ఆఖరిదాకా చదివాడు. వాడికి నిజం చెప్పలేదు. వచ్చిన ఒకే ఒక్క పొగడ్తను నా నోటితో నేనే ఎందుకు పాడుచేసుకోవాలి?

టీచరుగారు మాత్రం నేను అచ్చుతీసి ఇచ్చిన ఆ పదహారు పేజీలూ చదివి, ఇచ్చిన మర్నాడు సాయంత్రమే కిందికి వచ్చారు. ఈసారి లోపలికి వచ్చి సోఫా అంచున కూర్చున్నారు. "ఇంజనీరు చంపాడంటే నేను నమ్మనండీ. నన్ను చంపేంత కోపం కింది ఫ్లాటాయనకు తప్ప ఇంకెవరికుంది? పుస్తకం మొత్తంలో నమ్మలేనిది ఆయన మంచితనమే." వంటింట్లో మా ఆవిడ పొలమారి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. "ఇంకోటండీ" అన్నారు ఆవిడ. "ప్లంబర్ వస్తే ఆవిడ తలుపు తీసిందని రాశారు. రెండేళ్ళుగా మీరు ప్లంబర్లను పంపుతున్నారు. నేను ఒక్కసారైనా తీశానా?"

నవలంతా ఆ తలుపు మీదే నిలబడి ఉంది. అది తెరుచుకోకపోతే మొదటి హత్య లేదు, మొదటిది లేకపోతే మిగతావీ లేవు. ఆ తలుపు తెరుచుకోదని ఈ ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. దాని మీద గ్రూపులో ఫోటోలు పెట్టినవాణ్ణి నేను. కోపంలో అడిగేశాను, "అసలెందుకు తీయరండీ?" అని.

ఆవిడ ఖాకీ అట్టను వేళ్ళతో సాపుచేస్తూ చెప్పారు. "మావారు పోయిన కొత్తలో గ్యాస్ పైపు చూస్తానని ఒకతను వచ్చాడండీ. ఏమీ జరగలేదు. పని చేసుకున్నాడు. వెళ్ళేముందు వంటింట్లో నిలబడి 'ఒక్కరే ఉంటారా?' అని అడిగాడు. అంతే. అప్పట్నుంచీ తీయను. మీ పుస్తకం చదివాక అస్సలు తీయను."

నా నవలలో కత్తులున్నాయి, తాళ్ళున్నాయి, రాళ్ళ మీద రక్తం ఉంది. ఆవిడ చెప్పిన ఆ ఒక్క ప్రశ్నంత భయం ఎక్కడా లేదు. దాంతో పాటు ఇంకోటి కూడా తట్టింది. ఇంత కష్టపడి పుస్తకం రాసి, నా బాత్రూం మచ్చను నేనే శాశ్వతం చేసుకున్నాను. ఎవరిమీద ఫిర్యాదు చేయాలో తెలియక కూర్చున్నాను. లేవబోతూ ఆవిడే అన్నారు, "మీరు కూడా వచ్చి కూర్చుంటానంటే తీస్తానండీ."

అలా వెళ్ళాను. ప్లంబర్ మెట్ల మీదే ఆగి, "మేడం ఈసారన్న తీస్తదా సార్? పోయినసారి గ్రిల్లు కాడ్నించే ఎల్లగొట్టింది" అన్నాడు. గొలుసు చప్పుడైంది, గడియ చప్పుడైంది, చివరికి గ్రిల్ తాళం. తలుపు తెరుచుకుంది. వాడు టైల్సు పగలగొట్టినంతసేపూ నేను హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మధ్యలో వాడు తల బయటపెట్టి, "ఏంది సార్, గిట్ల కావలి కూసున్నరు? నేనేమన్న ఎత్తుకపోతనా?" అన్నాడు. "ఆయన కూర్చుంటేనే నువ్వు పనిచేసేది బాబూ. కానివ్వు" అన్నారు టీచరుగారు, నాకు టీ ఇస్తూ. నన్ను కాపలాగా పెట్టుకున్నారు, పుస్తకంలో ఆవిడను చంపినవాణ్ణి. చక్కెర తక్కువైంది. చెప్పలేదు.

ఆ డిసెంబరులో మాకూ కేకు వచ్చింది. అందరికంటే చిన్న ముక్క. రెండో అంతస్తు వాళ్ళది చూశాను కాబట్టి తెలుసు. పదహారు పేజీల కట్ట ఇప్పటికీ అటక మీద ఉంది, ఇంకెవరూ అడగలేదు. మా తోడల్లుడు నా నవల చదివానన్న సంగతే మర్చిపోయాడు. కిందటి నెల మా ఇంట్లో కాఫీ తాగుతూ, "అన్నయ్యా, నువ్వేదో పుస్తకం రాశావట కదా" అన్నాడు.

గడ్డం కడుక్కుని, మొన్న మళ్ళీ పైకి వెళ్ళాను. బెల్లు కొట్టి, నేనేనండీ అన్నాను. మచ్చ మళ్ళీ వచ్చిందని చెప్పాను. "అయితే ఈసారి ఎన్నో పేజీలో చంపుతున్నారండీ?" అని అడిగారు. రెండో నవల రాస్తున్నానని ఆవిడకు నేను చెప్పలేదు, మా ఆవిడ చెప్పి ఉంటుంది. ఇన్నేళ్ళలో నా పుస్తకం గురించి ఎవరేమన్నారో అన్నవాళ్ళే మర్చిపోయారు. నాకు మాత్రం ఒక్క మాట కూడా చెరిగిపోలేదు. కాలం గడిచిందని నాకు తెలిసేది ఒక్క చోటే: ఆ తలుపు ముందు నిలబడి గొలుసు, గడియ, తాళం చప్పుళ్ళ కోసం మొదటిసారి ఎంతో సేపు ఎదురుచూశాను, మొన్న నేను బెల్లు మీంచి వేలు తీసేలోపే తలుపు తెరుచుకుంది.