పొగగొట్టానికిచ్చిన పేరు

ఈ ఉదయం దండెం మీద ఆరేసిన పూజ చీర తీయబోతే అంచున ఒక నల్లని నుసి కనబడింది. వేలితో ముట్టుకుంటే పొడి అయిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన చెరకు పిప్పి వాసన. మా చోడవరంలో నా ఈడు వాళ్ళమంతా అన్నంలోనూ, ఆరబెట్టిన వడియాల మీదా ఆ నుసి ఏరుకుంటూ పెరిగినవాళ్ళమే. కానీ ఇది చెరకు ఆడే కాలం కాదు. పైగా ఆ నుసి రాల్చిన ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని కిందటి నెలలోనే కూల్చేశారు.

అది లేవక ముందు మాకు చలికాలమంటే చెరకు గానుగే. మంచు ఇంకా విడవని పొద్దుటి పూట కళ్ళంలో ఎద్దులు తిరుగుతుంటే, రసం కుండలోకి జారుతుంటే, పొయ్యి మీది పెద్ద పెనంలో అది నురగలు కక్కుతూ ముందు పసరు వాసన, తరవాత తేనె వాసన, చివరికి గొంతు పట్టేసే తీపి వాసన వేస్తూ ఎర్రబడుతుంటే, పిల్లలం చిలకడదుంపల్ని తాడుకు కట్టి పాకంలో దించి, ఉడికేదాకా సెగకు వీపులు కాచుకుంటూ కూర్చునేవాళ్ళం. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, బెల్లంలో తొలి ముద్ద నూకాలమ్మ తల్లికి తీసి, తరవాతి ముద్ద చీమలకని గట్టు మీద పెట్టి, ఆపైనే మా చేతుల్లో వేసేది. "ఆటికి ముందెట్టకపోతే మనల్ని ఎతుక్కుంటా వొస్తాయే" అనేది.

దేశం కొత్తగా తన కాళ్ళ మీద నిలబడుతున్న రోజులవి. పంచాయతీ రేడియోలో ఆనకట్టలు, ఉక్కు, కర్మాగారాలు అనే మాటలు సుప్రభాతంలా వినబడేవి. ఊరి అవతల పంచదార ఫ్యాక్టరీ కడుతున్నారని తెలిసి నాన్న గానుగ ఆపేసి, అక్కడ ఇటుకలు మోసే మనుషుల మీద అజమాయిషీకి కుదిరారు. పొగగొట్టం ఇంటెత్తు లేచి ఒక పక్కకు ఒరిగింది. విప్పి కట్టారు, మళ్ళీ ఒరిగింది. అడుగున నేల మెత్తన అన్నారు ఇంజనీర్లు. సంతలో మాత్రం వేరే మాట పుట్టింది, గొట్టం ఒక పిల్లను బలి అడుగుతోందని. కొద్ది రోజులకే తల్లులు పిల్లల్ని వీధిలోకి పంపడం మానేశారు. పట్టపగటి ఎండలో తొక్కుడుబిళ్ళ గీతలు గీసినవి గీసినట్టే ఉండేవి, వాటి మధ్య బిళ్ళ కూడా ఉండేది, ఆడేవాళ్ళే ఉండేవారు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం వీధిలోంచి ఎవరో "నూకరత్నం" అని నన్ను పిలిచారు. ఆడగొంతు, తెలిసిన గొంతులాగే ఉంది. "వస్తన్నా" అంటూ గుమ్మం దాకా పరిగెత్తాను. వీధి ఖాళీ. వెనక్కి తిరిగితే మామ్మ వంటింటి గడప మీద చేట పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవులికే పలికేవు?"

"నువ్వు పిలవలేదేటి?"

మామ్మ చేట కింద పెట్టేసింది. "నేను కాదే, ఆ గొట్టం పిలిసింది నిన్ను" అంది. ఆ సాయంత్రమే అటక మీంచి మా కడపటి పెనం బెల్లం దించి, కరిగించి, వేడి వేడిగా ఒక బొమ్మ చేసింది. కళ్ళకు లవంగాలు గుచ్చింది. నా పాత గౌను గుడ్డ చుట్టి, నా జడలోంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి దాని తలకు అంటించింది. బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి నా పేరు చెప్పింది. అప్పుడు నేను మామ్మ ఒళ్ళోనే ఉన్నాను గానీ, నన్ను ఇంకెవరో ఎత్తుకున్నట్టు అనిపించింది.

నాన్న పని నుంచి రాగానే దాన్ని చేతిలో పెట్టింది. "రేపు పునాదిలో ఎట్టిసి రా."

"ఏటమ్మా ఇది! ఇంజనీరు సూస్తే నవ్వుతాడు."

"నవ్వితే నవ్వనీరా. మన పిల్ల గుంట నవ్వాలా వొద్దా?"

నాన్న బొమ్మను తువ్వాల్లో చుట్టుకున్నారు. మర్నాడు మామ్మ నన్ను పెంటకుప్ప మీద కూర్చోబెట్టింది. పక్కింటి పారమ్మత్త నన్ను దొరికిన పిల్లలా ఎత్తుకుంటే, మామ్మ ఆమెకు చేటెడు తవుడిచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళలో చావు కన్నుగప్పడానికి చేసే పని అది.

"సేటెడు తవుడేటి పిన్నీ, ఈ నల్ల గుంటకి సగం సేట సాల్దా?" అని పారమ్మత్త ఎకసెక్కెం ఆడింది. అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు.

"ఇకనించి నువ్వు తవిటమ్మవే. ఆ గొట్టం నిలబడ్డన్నాళ్ళూ నీ పాత పేరు దానిది. ఆ పేరెట్టి ఎవులు పిలిసినా పలక్కు."

గొట్టం నిలబడింది. పునాది లోతుగా తవ్వించి సిమెంటు పెంచారని నాన్న చెప్పేవారు, అది నిజం. కింద బొమ్మను పెట్టి వచ్చానని కూడా చెప్పేవారు, అదీ నిజం.

ఫ్యాక్టరీ తొలి కూత వేసిన రోజు ఊరంతా బయటికి వచ్చి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అరికాళ్ళ కింద చీమలు పాకాయి. వంగి చూస్తే గచ్చు శుభ్రంగా ఉంది. ఆ తరవాత ఎప్పుడు కూత వినబడినా అంతే. మామ్మతో చెబితే నా పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు నిమిరింది. "బెల్లం బొమ్మ కదే, సీమలు పట్టవా?" అంది చివరికి.

బడిలో నా పాత పేరే రాసి ఉంది. హాజరులో మాస్టారు దాన్ని పిలుస్తుంటే, గుమ్మం దగ్గర కాపలా కూర్చున్న మామ్మ గబగబా వచ్చి నా నోరు మూసి ఇంటికి ఎత్తుకుపోయింది. మళ్ళీ పంపలేదు. ఫ్యాక్టరీలోనే పనికి నిలిచిపోయిన నాన్నే, షిఫ్టు దిగి వచ్చి, చొక్కా మీది నుసి దులుపుకుంటూ, అరుగు మీద బొగ్గుముక్కతో నాకు అక్షరాలు దిద్దించారు. తరవాత భక్తి పుస్తకాలు చదివించారు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ అరుగు చలవే. ఫ్యాక్టరీ జీతంతోనే మా ఇంట్లో కరెంటు దీపం వెలిగింది, అమ్మకు కళ్ళజోడు వచ్చింది. రోలుగుంట వైపు నుంచి చెరకు బళ్ళు బారులు తీరి వస్తే ఊరికే ఒక కళ వచ్చేది. ఆ గొట్టాన్ని నేనెప్పుడూ దణ్ణం పెట్టుకునే దాటాను. దాని కింద నా పేరుతో ఒకర్తె ఉందని ఎప్పుడూ మరిచిపోలేదు.

ఇప్పుడు గానుగ లేదు, మామ్మ లేదు, అమ్మా నాన్నా లేరు. కూత లేదు, బళ్ళ బారు లేదు. తవుడికి పిల్లల్ని కొనే మాట చెబితే మనవలు నవ్వుతారు. గొట్టాన్ని కూల్చే రోజున దూరంగా నిలబడి చూశాను. అది ఒరిగినప్పుడు నా అరికాళ్ళు చల్లబడిపోయాయి, తడి నేల మీద నిలబడినట్టు.

పొద్దున్న నుసి చూశాక వినాయకుడి గుడికి వెళ్ళాను. అర్చనకు పేరు చెప్పమన్నారు పంతులుగారు. వీధిలోంచి పిలుపు విన్న ఆ మధ్యాహ్నం తరవాత తొలిసారి ఆ పేరు నా నోటితో చెప్పాను, నూకరత్నం అని.

"మనవరాలా అమ్మా?"

"కాదండి. నాకు బదులు నిలబడిన పిల్ల."

ఆయన ఏమనుకున్నారో, గోత్రం మాదే చెప్పి అర్చన చేశారు. ఇంటికి వచ్చి గడప మీద ఒక బెల్లం ముక్క పెట్టి, వీధి తలుపు తీసి, మామ్మ నన్ను పిలిచినట్టే పిలిచాను.

"నూకరత్నం, ఇంక పని అయిపోనాది. లోపలికి రా అమ్మా."

ఎండలో వీధి ఖాళీగా ఉంది. తలుపు వెయ్యబుద్ధి కాలేదు. ఇది రాస్తుండగానే గడప మీదికి చీమల బారు ఒకటి వచ్చింది. బెల్లం ముక్కను ముట్టుకోకుండా, దాని పక్కనుంచే నడిచి, నా పిలుపు విన్నట్టే ఇంట్లోకి వస్తోంది.