నలభై ఒకటో మనిషి

ఆ జైల్లో బెల్టు మామను ఎరగనివాడు లేడు. ఇష్టపడ్డవాడూ లేడు. బయట ఉన్నప్పుడు తాపీమేస్త్రి. తాగిన మైకంలో సొంత బావమరిదిని పారతో కొట్టి చంపాడు. భార్య మళ్ళీ ఆ ముఖం చూస్తుందా? చూడలేదు. పదేళ్ళు బుద్ధిగా ఉన్నందుకు పాత చట్టం ప్రకారం మామను తోటి ఖైదీల మీద పెద్దగా పెట్టారు. తనూ ఖైదీయే, కానీ నడుముకు తోలు బెల్టు, పడుకోవడానికి వరండా చివర విడిగా ఒక గది. అందరి మీదా కన్నేసి, చూసింది చూసినట్టు పైవాళ్ళ చెవిన వెయ్యడమే పని. వెధవ పనే. అయినా మామ దాన్ని కాలరెగరేసి మరీ చేశాడు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాక శాసనసభ కొత్త జైళ్ళ చట్టం చేసింది. సూపరింటెండెంటు అందరినీ మైదానంలో నిలబెట్టి చదివి వినిపించాడు. ఇకమీదట ఏ ఖైదీనీ ఇంకో ఖైదీ మీద అజమాయిషీకి పెట్టకూడదట. మంచి మాటే, కాదన్నదెవరు? కానీ బెల్టు విప్పినవాడు మర్నాడు పొద్దున ఎవరి పక్కన కూర్చుంటాడన్న ఆలోచన సభలో చేతులెత్తిన పెద్దమనుషులకు వస్తుందా? వాళ్ళకెందుకొస్తుంది!

అక్కడ కూర్చోవడమే పెద్ద తంటా. తెల్లవారగానే ఖైదీలు ఇద్దరిద్దరు చొప్పున నేల మీద కూర్చోవాలి. వార్డరు ఊచల అవతల నుంచి జతలు లెక్కపెట్టి, లెక్క కుదిరాకే తలుపు తీస్తాడు. మామను పంపిన బ్యారక్‌లో నలభైమంది, ఇరవై జతలు. మామతో నలభై ఒకటి.

"కాస్త జరుగు తమ్ముడూ," అని మామ మొదటిరోజు ఒకడి దగ్గరికి పోయాడు.

"నీకు గదుందిగా మామా, మా మధ్యకెందుకు?" అన్నాడు వాడు. బ్యారకంతా ఘొల్లుమంది.

వరస చివర ఒంటికాయ శొంఠికొమ్ములా కూర్చున్నాడు మామ. "ఇరవై జతలు, ఒకటి!" అని వార్డరు అరిచాడు. ఏడు వారాలపాటు రోజూ అదే అరుపు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అసలు పలకరిస్తే కదా! అన్నం దగ్గర కూర్చుంటే పక్కవాడు పళ్ళెం పట్టుకుని లేచిపోయేవాడు. ఒకరోజు బట్టలుతుకుతూ సబ్బుతో మాట్లాడుతున్నట్టు తనకే తెలిసి, మామ హడలిపోయాడు. ఎవరైనా సరే, ఒక్కడు పక్కన కూర్చుంటే చాలనిపించింది.

ఎనిమిదో వారంలో ఒకడు విడుదలై వెళ్ళాడు. జత లేకుండా మిగిలింది ఎవరయ్యా అంటే, టైలరు. రెండేళ్ళ క్రితం టైలరు దిండులో సిగరెట్లు దాచాడని చెప్పింది మామే. అందుకు మామకు శిక్షలో ఐదు రోజులు తగ్గించారు. టైలరుకు ఆ నెల ఇంటివాళ్ళను చూసే అవకాశం రద్దు చేశారు. సంగతి తెలియక వాళ్ళమ్మ అంత దూరం నుంచి వచ్చి, కొడుకును చూడకుండానే తిరిగి వెళ్ళింది. వారానికే చనిపోయింది.

టైలరు వచ్చి, గోడకేసి చూస్తూ పక్కన కూర్చున్నాడు. గోడతో అన్నట్టే అడిగాడు.

"మా అమ్మ వచ్చిన రోజు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నది నువ్వేనంట కదా?"

"నేనే."

"చూశావా?"

"చూశాను. ఆకుపచ్చ శాలువా కప్పుకుంది. చేతిలో గుడ్డసంచి. ఒక చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. సాయంత్రం దాకా గోడవారనే కూర్చుంది."

"నిన్నేమన్నా అడిగిందా?"

"'మావాడు బాగా చిక్కిపోయాడా నాయనా?' అంది."

"నువ్వేమన్నావ్?"

'బావున్నాడమ్మా అన్నాను' అంటే సరిపోయేది. కాదనడానికి ఎవరున్నారు? ఒక్క అబద్ధం ఆడితే పక్కన ఒక మనిషి మిగులుతాడు. ఎంత ఆశ పుట్టిందో ఆ క్షణాన!

"'పొమ్మన్నానుగా, చెవుడా?' అన్నాను."

టైలరు గోడ మీంచి చూపు ఇటు తిప్పాడు. కొడతాడనుకుని మామ కళ్ళు మూసుకున్నాడు. "ఇరవై జతలు, సరి!" అని వార్డరు తలుపు తీశాడు. అందరూ లేచి బయటికి పోయారు. టైలరు మాత్రం లేవలేదు.

"మళ్ళీ చెప్పు."

"ఏది?"

"మొదట్నుంచి. శాలువా దగ్గర్నుంచి."

మామ మళ్ళీ చెప్పాడు. చివరి మాట మింగేద్దామని ప్రాణం పీకింది. మింగలేదు.

మర్నాడు టైలరు వచ్చి అక్కడే కూర్చున్నాడు. ముఖం చూడకుండా "చెప్పు" అన్నాడు. ఆ మర్నాడూ అంతే. అమ్మ తనకోసం వచ్చిన రోజున ఆవిణ్ణి చూసిన కళ్ళు అవే మరి, ఏం చేస్తాడు! చెప్పడం అవ్వగానే లేచి వెళ్ళిపోతాడు. మిగతా రోజంతా ఆ ఇద్దరికీ మాటల్లేవు.